సైపై దగ్గర ఎర్ర అక్షరాలొస్తే ముందు బిట్టు చూడండి, కంపైలర్ జోలికి పోకండి

పటమట నుంచి మేడం గారు అడిగింది ఇదీ: అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది, ఇంట్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, విండోస్ 10, షాపతను పెన్‌డ్రైవ్‌లోంచి పైథాన్ వేసిచ్చాడు, లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీల్లో (రెడీమేడ్ కోడ్ కట్టల్లో) నంపై బానే ఎక్కింది గానీ సైపై, పాండాస్ ఎక్కించబోతే పేజీలకి పేజీలు ఎర్ర అక్షరాలొచ్చి చివర్లో మెటాడేటా జనరేషన్ ఫెయిల్డ్ అంటోంది. ఒకళ్లేమో విజువల్ స్టూడియో వెయ్యమన్నారు, ఇంకొకళ్లేమో పైథాన్, లైబ్రరీలు అన్నీ కలిపి ఇచ్చే అనకొండ వెయ్యమన్నారు, ఏది వెయ్యాలి అని.

రెండూ వద్దండీ, కాస్త ఆగండి. నేను ఇదే గోతిలో పడి మూడు రోజులు పోగొట్టుకున్నా కాబట్టి చెప్తున్నా. (కమాండ్లు తెలుగులో రాసేస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.)

మాది గుంటూరు బ్రాడీపేట, యార్డు దగ్గర మిర్చి కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా. 2019లో తేజ, 334, బాడిగ రకాల క్వింటా రేట్లన్నీ ఎక్సెల్‌లో ఉంటే వాటిని గ్రాఫులేసి చూద్దామని సరదా పుట్టింది, దీపావళికి రెండు రోజులు కొట్టు మూస్తారు కదా అప్పుడు కూర్చున్నా. పైథాన్ సైట్‌కెళ్లి పసుప్పచ్చ బటన్ నొక్కితే 3.8 దిగింది, అది వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు, అక్టోబర్ 14న వదిలారు. కొత్తది కదా మంచిదే అనుకున్నా. నంపై ఎక్కింది. సైపై దగ్గరకొచ్చేసరికి మీకొచ్చినట్టే ఎర్రగా, లాపాక్ లేదు బ్లాస్ లేదు అని. లాపాక్ అంటే ఏంటో నాకేం తెలుసు, ఏదో డ్రైవర్ అనుకున్నా.

ఇక్కడ జరిగేది ఏంటంటే, సైపై లోపల సీ, ఫోర్ట్రాన్ లాంటి వేరే కంప్యూటర్ భాషల్లో రాసిన కోడ్ బోలెడంత ఉంటది, మాత్రికల లెక్కలు చేసే ఆ లాపాక్, బ్లాస్ కూడా పాతకాలం ఫోర్ట్రాన్ నుంచి వచ్చినవే. వాటన్నిటినీ మన మెషీన్‌కి సరిపోయేలా ముందే వండి పెట్టిన ఫైలుని వీల్ అంటారు. లైబ్రరీలు ఎక్కించే పిప్ అనే ప్రోగ్రాం ముందు మన పైథాన్‌కి సరిపోయే వీల్ ఉందా అని వెతుకుద్ది, ఉంటే దించి సర్దేస్తది, నిమిషం పని. లేకపోతే లేదని చెప్పి ఊరుకోవచ్చు కదా, ఊరుకోదు, పచ్చి సోర్స్ కోడ్ దించి మన ఇంట్లోనే వండటం మొదలెడతది, పొయ్యి లేదు గిన్నె లేదు, అప్పుడొచ్చేవే ఈ ఎర్ర అక్షరాలు. అంటే అసలు తప్పు ఎక్కడో పైన జరిగిపోయింది, మనం చదివేది దాని తర్వాతి రామాయణం.

నాకా సంగతి తెలీక కంపైలర్, అంటే ఆ కోడ్ వండే ప్రోగ్రాం, వేస్తే పోద్ది అని రోజుకి ఒకటిన్నర జీబీ మొబైల్ డేటాతో ఆ విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించటం మొదలెట్టా, మూడు రోజులు పట్టింది, అంతా అయ్యాక మళ్లీ అదే ఎర్రర్, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్స్‌లో ఫోర్ట్రాన్ కంపైలర్ అసలు ఉండదు. పండక్కి వచ్చిన మేనల్లుడు అన్నం తింటూ చూసి "మామయ్యా, 3.8కి సైపై ఇంకా రాలేదేమో, 3.7 వేసి చూడు" అన్నాడు. వేశా. వాడు చెయ్యి కడుక్కొచ్చేలోపు ఎక్కేసింది.

అందుకని ఇప్పటికీ నా పద్ధతి, పైథాన్‌లో సరికొత్తది కాకుండా దాని వెనకది వేస్తా. ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తది, లైబ్రరీల వాళ్లు వీల్స్ తయారుచేసి పెట్టటానికి కొంత టైం పడతది, సంక్రాంతి దాకా దాని మొహం చూడకపోయినా నష్టమేం లేదు.

మీ విషయంలో మాత్రం నా అనుమానం వెర్షన్ మీద కాదు, బిట్టు మీద, అంటే వేసిన పైథాన్ 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నదాని మీద. నంపై ఎక్కి సైపై, పాండాస్ ఎక్కలేదన్నారు చూడండి, అది 32 బిట్ పైథాన్ లక్షణం. నంపై వాళ్లు విండోస్ 32 బిట్‌కి కూడా వీల్స్ ఇస్తూ వచ్చారు, సైపై వాళ్లు ఎప్పుడో మానేశారు, తర్వాత పాండాస్ వాళ్లూ మానేశారు. షాపతని పెన్‌డ్రైవ్‌లో పాత ఇన్‌స్టాలర్ ఉండుంటది, 3.8 దాకా సైట్‌లో ఆ పెద్ద బటన్ నొక్కితే 32 బిట్టే దిగేది, 3.9 నుంచి 64 చేశారు. నేనూ దాంతో ఇంకోసారి దెబ్బతిన్నా, మరుసటేడు మేనల్లుడు టెన్సర్‌ఫ్లో అనే ఇంకో లైబ్రరీ వెయ్యబోతే అలాంటి వెర్షనే లేదు పొమ్మంది, విండోస్‌లో ఆ లైబ్రరీ 64 బిట్‌కే ఉంటది.

చూడటం సులువే. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల విండో తెరిచి, పీ వై అని కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి లైన్లోనే వెర్షన్ నంబరు, అదే లైన్లో చదరపు బ్రాకెట్‌లో 32 బిట్ ఇంటెల్ అనో 64 బిట్ ఏఎండీ64 అనో ఉంటది. రెండు చోట్ల మోసపోకండి. ఒకటి, ఆ లైను చివర విన్32 అని ఉంటది, అది 64 బిట్ పైథాన్‌లో కూడా ఉంటది, దాన్ని చూసి నేను బంగారం లాంటి పైథాన్‌ని ఒకసారి పీకేశా. రెండు, ఏఎండీ64 అంటే ఏఎండీ ప్రాసెసర్ వాళ్లకి అని కాదు, ఇంటెల్‌కి కూడా అదే.

32 అని ఉంటే, ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌కి వెళ్లి సిస్టమ్ టైప్ దగ్గర 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉందో లేదో చూడండి. విండోసే 32 బిట్ అయితే మటుకు ఇంట్లో కుస్తీ పట్టకండి, అమ్మాయిని బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ వాడుకోమనండి, అక్కడ ఇవన్నీ ముందే ఎక్కించి ఉంటాయి, విండోస్ మార్చే సంగతి సెలవుల్లో చూసుకోవచ్చు. 64 ఉంటే పాత పైథాన్‌ని కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేసి, సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ 64 బిట్ అని ఉన్నది దించండి. మొదటి స్క్రీన్‌లో అడుగున యాడ్ పైథాన్ టు పాత్ అని చిన్న గడి ఉంటది, అది టిక్ పెట్టాకే ముందుకెళ్లండి. పెట్టకపోతే పైథాన్ అని కొట్టినప్పుడల్లా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటది, చాలామంది అక్కడే విసుగెత్తి వదిలేస్తారు.

తర్వాత ఒక ఫోల్డర్ చేసుకుని, అందులో పైథాన్ హైఫన్ ఎమ్ వీ ఈ ఎన్ వీ (నాలుగక్షరాలు కలిపి) అని రాసి పక్కన ఏదో ఒక పేరు పెడితే ఆ పనికి విడిగా ఒక పెట్టె తయారైద్ది, రేపు ఏదన్నా చెడినా ఆ ఫోల్డర్ తీసి అవతల పారేస్తే సరిపోద్ది, అసలు పైథాన్‌కి ఏం కాదు. దాన్ని యాక్టివేట్ చేసేటప్పుడు, అంటే ఆ పెట్టెని వాడకంలోకి తెచ్చేటప్పుడు, పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ విండో అయితే స్క్రిప్టులు నడపనివ్వను అని అడ్డం తిరుగుతుంది, నల్ల సీఎండీలో అయితే ఆ గొడవ లేదు, అందుకే అందులోనే చెయ్యమంటా. ఇక పైథాన్ హైఫన్ ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ కొట్టి సైపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ మూడు పేర్లూ వరసగా రాయండి. ఇన్‌స్టాల్ పక్కన రెండు హైఫన్లు పెట్టి ఓన్లీ హైఫన్ బైనరీ, ఈక్వల్ టు, కోలన్ ఆల్ కోలన్ అని చేర్చుకుంటే ఇంకా మంచిది, వీల్ లేకపోతే వంట మొదలెట్టకుండా లేదని ఒక్క ముక్కలో చెప్పేస్తది. ఇదొక్కటి 2019లో తెలిసుంటే నా డేటా మిగిలేది.

అనకొండ చెడ్డదేం కాదు, కాకపోతే కొన్ని జీబీలు తినేస్తది, ఈ మూడు లైబ్రరీల కోసం అంత బరువు ఆ పాత ల్యాప్‌టాప్‌కి ఎందుకు అనే నా బాధ. కొండా (అనకొండలో పిప్ బదులు వాడే ప్రోగ్రాం) పద్ధతే కావాలంటే మినీఫోర్జ్ అని చిన్నది ఉంది, అది చాలు.

ఇంట్లో నెట్ సరిగా లేకపోతే ఇంకో దారి ఉంది. మా మేనల్లుడికి నేను అలాగే పంపా, ఇక్కడ ఫైబర్ ఉన్న ఫ్రెండు ఇంట్లో ఇన్‌స్టాల్ బదులు పిప్ డౌన్‌లోడ్ అని కొడితే వీల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దిగాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విజయవాడ బస్సెక్కి బస్టాండులో వాడి చేతిలో పెట్టా. వాడు నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ అని రెండు ఆప్షన్లు పెట్టి నెట్ లేకుండానే ఎక్కించుకున్నాడు. రెండు చోట్లా పైథాన్ వెర్షనూ బిట్టూ ఒకటే ఉండాలి, వీల్ ఫైలు పేరులోనే సీపీ312, విన్ ఏఎండీ64 అని రాసుంటది, సీపీ312 అంటే 3.12 పైథాన్‌కి అన్నమాట.

ఇంకోటి, అన్నీ ఎక్కాక కూడా ఇంపోర్ట్ నంపై అనగానే ఎర్రర్ వస్తే అమ్మాయి తన ప్రోగ్రాములకి ఏం పేర్లు పెట్టిందో చూడండి. నేను రాండమ్ డాట్ పీవై అని ఒకటి రాసిపెట్టుకుని సాయంత్రం అంతా నంపైని తిట్టుకున్నా. పైథాన్ ముందు మన ఫోల్డర్‌లోనే వెతుకుద్ది కదా, అసలు రాండమ్ బదులు నాదాన్ని పట్టుకుంది. స్టాటిస్టిక్స్ అమ్మాయి కాబట్టి స్టాటిస్టిక్స్ డాట్ పీవై అనే పెడతది చూడండి, ఆ పేరుతో కూడా పైథాన్‌లో ఒక మాడ్యూల్ ముందే ఉంది.

గ్రాఫుల మీద తెలుగులో పేర్లు రాయబోతే అన్నీ ఖాళీ డబ్బాలు వస్తాయి, అది ఇన్‌స్టాల్ తప్పు కాదు, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే ఫాంటులో తెలుగు లేదు. నేను తెలుగు ఫాంటు పెట్టి చూశా గానీ నా వెర్షన్‌లో ఒత్తులు విడిపోయి 'మిర్చి' చదవటానికి లేకుండా వచ్చింది, ఇంగ్లీషులోనే పెట్టేసుకున్నా.

ఏదీ పీకకముందు ఆ పీ వై కొట్టినప్పుడు వచ్చే మొదటి లైను, సిస్టమ్ టైప్ దగ్గర ఉన్న లైను, రెండూ రాసి పెట్టండి మేడం. 64 బిట్టే ఉండి కూడా సైపై ఎక్కట్లేదంటే అప్పుడు వెర్షన్ సంగతి చూద్దాం.