పని లేనివాళ్లతో చెరువు బాగుచేయించాలంటే

తమ్ముడూ, నర్సంపేట దగ్గర మీ ఊరి చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసి కొంగలు రావట్లేదనీ, పని లేని వాళ్లతో తీయిద్దామంటే కూలీ ఎవరిస్తారనీ అడిగావు. చందాల జోలికి పోకు, ఉపాధి హామీలో అడుగు. పాత చెరువుల పూడికతీత, పునరుద్ధరణ 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాసిన పనులు; దాని స్థానంలో 2025 చివర్లో కొత్త చట్టం చేశారు, కాబట్టి ఇప్పటి పద్ధతి పంచాయతీలో కనుక్కో. గ్రామసభలో తీర్మానం పెట్టించు. పని కావాల్సిన వాళ్లంతా దరఖాస్తు ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే ఆఫీసులో అడిగినట్టే లెక్క కాదు, ఇది మాత్రం మర్చిపోకు.

అసలు జాగ్రత్త పనిలో ఉంది. గుర్రపుడెక్కను పూత రాకముందే వేర్లతో లాగి, కట్ట అవతల ఎండబెట్టాలి. ఒడ్డున పడేస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వచ్చే ఏడూ ఒక విడత తీయాల్సిందే. పూడిక తీసేటప్పుడు చెరువును గిన్నెలా చెక్కేయొద్దు. అంచుల్లో మోకాటి లోతు లోపు నీళ్లుంటేనే కొంగలు నిలబడి మేస్తాయి. శిఖంలో, అంటే చెరువు నీళ్లు పరుచుకునే భూమిలో, నల్లతుమ్మలు గూళ్లకు వదిలేయండి, సర్కారు తుమ్మ కొట్టేయొచ్చు. నత్తగుల్ల కొంగలు వానాకాలంలోనే గూళ్లు కడతాయి కాబట్టి ఎండాకాలంలోనే పని ముగించండి. మత్స్య సహకార సంఘం ఉంటే వాళ్లతో ముందే మాట్లాడు, తర్వాత లొల్లి వద్దు.