నానో కోర్సు ముఖ్యమా, మోకీలు తెలియడం ముఖ్యమా?

ప్రశ్న: బీఫార్మసీ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకు రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది. నానో బయోమెటీరియల్స్‌తో (ఒంట్లో వాడదగిన అతి సూక్ష్మ పదార్థాలతో) దీనికి చికిత్స కనిపెట్టే పరిశోధన చేయాలని ఉంది. ఎంటెక్ నానోటెక్నాలజీలో చేరాలా, ఎంఫార్మసీ చేయాలా?
– ఒక విద్యార్థిని, నల్గొండ

అమ్మ నొప్పి చూసి పుట్టిన కోరిక కాబట్టి ముందుగా ఒక మాట. ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన మందుగా మారడానికి పదేళ్లు పైనే పట్టవచ్చు. అమ్మగారిని ఇప్పుడే ఎముకల డాక్టరుకు చూపించండి. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి. మీ పీహెచ్‌డీ కోసం ఆమె ఎదురుచూడకూడదు.

ఇక చదువు. పేరులో నానో ఉందని కోర్సు ఎంచుకోకండి. అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. మనం గుజ్జు అనే మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. అందుకే అరిగితే తనంతట తాను సరిగా మానదు, మింగిన మాత్ర అక్కడికి చేరేదీ కొంచెమే. నేరుగా కీలులోకి ఇంజెక్షన్ ఇచ్చినా చాలా మందులు గంటల్లో, మహా అయితే కొద్దిరోజుల్లో బయటికి వెళ్లిపోతాయి. మందును అక్కడ నిలబెట్టడమే ఈ రంగం చేసే పని.

మృదులాస్థికి రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న సన్నటి కణాలు అందులోకి ఇంకి పట్టుకుంటాయి. అక్కడి కొల్లాజెన్ అనే ప్రోటీన్ అల్లికలో సందులు సుమారు 60 నానోమీటర్లే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు) కాబట్టి పెద్ద కణాలు లోపలికి పోలేవు. అలాగని చిన్నదే గొప్ప అనుకోవద్దు. కీలులోని ద్రవంలో ఎక్కువ కాలం ఉండాలంటే పెద్ద కణాలే మేలు. మోకీలు అరుగుదల నొప్పికి 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన జిల్‌రెట్టా ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్‌ను మోసేవి నానో కణాలు కావు, వాటికన్నా చాలా పెద్దవైన పీఎల్‌జీఏ మైక్రోస్ఫియర్లు (సూక్ష్మ గోళాలు). ఒంట్లో కరిగిపోయే కుట్టుదారాల్లో వాడే పదార్థమే పీఎల్‌జీఏ. జిల్‌రెట్టా కూడా నొప్పి తగ్గిస్తుందే తప్ప గుజ్జును తిరిగి పెంచదు. అరుగుదలనే ఆపే మందు ఇంతవరకూ ఆమోదం పొందలేదు. మీకు చోటున్నది అక్కడే.

బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు పీఎల్‌జీఏ కణాల్లోనే రాపమైసిన్ అనే మందు నింపి చిట్టెలుకల మీద పరీక్షించారు. ఇటువంటి ఫలితాలు చదివినప్పుడు ఒక సంగతి మరవకండి. మన మోకాలిలో గుజ్జు మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చిట్టెలుకలో మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. అక్కడ ఇంకిన కణం ఇక్కడ అడుగుదాకా ఇంకుతుందన్న హామీ లేదు.

అందుకే మీకు నా సలహా ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ విభాగం. మందును కణంలో నింపడం, నెమ్మదిగా విడుదల చేయించడం అందులో పునాది నుంచి నేర్పుతారు. ఎంఫార్మసీ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్ష జీప్యాట్ గట్టిగా రాసి, నైపర్ జేఈఈ ప్రవేశ పరీక్ష ద్వారా జాతీయ ఫార్మా విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నైపర్‌కు ప్రయత్నించండి. ఆ తర్వాత పీహెచ్‌డీకి ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగం, ఐఐఎస్‌సీ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సాంకేతిక సంస్థ, మొహాలీ నానో సంస్థ ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సంస్థ పేరుకన్నా ముందు ఒకటి అడగండి: ఎముకల సర్జన్‌తో కలిసి పనిచేస్తున్నారా? మోకీలు మార్పిడిలో తీసేసిన మృదులాస్థిని రోగి సమ్మతితో, ఎథిక్స్ కమిటీ అనుమతితో పరిశోధనకు వాడవచ్చు. మనిషి కణజాలం మీద పరీక్షించే అవకాశం ఉన్న ల్యాబ్‌లో మీరు నేర్చుకునేది వేరు.

కేవలం కీళ్ల నానో పరిశోధన మీదే ఉద్యోగాలు తక్కువ. అయితే లైపోసోములు (మందును మోసే కొవ్వు పొరల సూక్ష్మ గోళాలు), దీర్ఘకాలం పనిచేసే ఇంజెక్షన్లు తయారుచేసే నైపుణ్యం హైదరాబాద్ ఫార్మా కంపెనీల ఆర్‌అండ్‌డీలోనూ పనికొస్తుంది.

ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకపోతే, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు నింపిన పీఎల్‌జీఏ కణాలు తయారుచేసి, కీలు ద్రవంలో ఉండే హయలురోనిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో మందు ఎన్ని రోజులు విడుదలవుతుందో కొలుస్తానని మీ గైడ్‌ను అడగండి.