ఆటలమ్మలో తగ్గిన జ్వరం మళ్లీ వస్తే ఆగవద్దు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఆరు రోజుల క్రితం ఆటలమ్మ పోసింది. నాలుగో రోజుకు తగ్గిన జ్వరం నిన్నటి నుంచి మళ్లీ 102 డిగ్రీలు వస్తోంది. తొడ మీద ఒక పొక్కును గోకి పుండు చేసుకున్నాడు. దాని చుట్టూ ఎర్రగా ఉంది, కాలు నొప్పంటూ మంచం దిగడం లేదు. మందుల షాపులో ఇచ్చిన జ్వరం సిరప్ వేస్తున్నాం. తలకు నీళ్లు పోసేవరకు గడప దాటించవద్దని మా అత్తగారు అంటున్నారు. మచ్చలు పడకుండా ఏ క్రీము రాయాలి? బడికి ఎప్పుడు పంపవచ్చు? మా ఆడపడుచు కూడా పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది, తొమ్మిదో నెల. – ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, మచ్చల సంగతి తరువాత చూద్దాం. బాబును వెంటనే పిల్లల వైద్యులున్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మీరు రాసి అప్పుడే ఒక రోజు గడిచింది. ఈలోగా చూపించే ఉంటారని ఆశిస్తున్నాను.

ఆటలమ్మ జ్వరం సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. దిగిన జ్వరం మళ్లీ వచ్చిందంటే, గోకిన పొక్కు ద్వారా బ్యాక్టీరియా లోపలికి వెళ్లిందేమోనని ముందుగా అనుమానించాలి. పిల్లల్లో ఆటలమ్మ తెచ్చిపెట్టే ఇబ్బందుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామందిలో అది చర్మం పైపైనే ఉండి యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్ క్రిములు చర్మం అడుగున ఉన్న కొవ్వులోకి, కండరాలను కప్పి ఉంచే పొరలోకి, కీలులోకి, ఎముకలోకి, రక్తంలోకి పాకుతాయి. అలాంటప్పుడు పైకి కనిపించే పుండు చిన్నదే అయినా నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ఎరుపు గంటగంటకూ విస్తరిస్తుంది, చర్మం ఊదారంగుకు తిరగవచ్చు, బిడ్డ కాలు కదపనివ్వడు. మీ బాబుకు అదే అయిందని చూడకుండా నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మంచం దిగని పిల్లవాడిని చూడకుండా, అదేమీ కాదని చెప్పే ధైర్యం ఏ వైద్యుడికీ ఉండదు.

ఇక ఆ సిరప్. దాని పేరు మీరు రాయలేదు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవండి. జ్వరానికని షాపుల్లో చేతికిచ్చే సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ గానీ మెఫెనమిక్ యాసిడ్ గానీ కలిసి ఉంటుంది. ఆటలమ్మ ఉన్న పిల్లల్లో ఐబుప్రొఫెన్ వాడకానికీ, ఇప్పుడు చెప్పిన తీవ్రమైన చర్మ ఇన్‌ఫెక్షన్లకూ సంబంధం ఉన్నట్లు అధ్యయనాల్లో కనిపించింది. ఆ మందే కారణమా, లేక నొప్పినీ జ్వరాన్నీ అణచిపెట్టి జబ్బు ఆలస్యంగా బయటపడేలా చేస్తోందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. అది తేలేవరకు ఆటలమ్మలో ఆ మందు వాడకపోవడమే క్షేమం. పారాసిటమాల్ ఒక్కటే, బిడ్డ బరువుకు తగిన మోతాదులో, వైద్యులు చెప్పిన ప్రకారం ఇవ్వాలి. ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. ఆటలమ్మ సమయంలో ఆస్పిరిన్ వేసుకున్న పిల్లల్లో కాలేయమూ మెదడూ ఒకేసారి దెబ్బతినే రేస్ సిండ్రోమ్ అరుదుగా వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు ఇంతకన్నా బాధ కలిగించేది స్టెరాయిడ్ల వాడకం. దురద తగ్గాలని ఎవరో వేసిన ఇంజక్షన్‌లోనో, దగ్గుకని పోసిన చుక్కల్లోనో స్టెరాయిడ్ ఉందని తల్లిదండ్రులకు తెలియదు, వారికి ఎవరూ చెప్పరు. స్టెరాయిడ్ శరీర రక్షణ శక్తిని తగ్గిస్తుంది కనుక, చర్మం మీద ఉండవలసిన వైరస్ ఊపిరితిత్తులకూ కాలేయానికీ చేరే ప్రమాదం పెరుగుతుంది. దయచేసి చీటీ లేని మందు, పేరు తెలియని ఇంజక్షన్ బిడ్డకు వేయించవద్దు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు) వంటి జబ్బులకు వైద్యుల సలహాపై స్టెరాయిడ్ వాడుతున్న పిల్లల సంగతి వేరు. వారు దాన్ని హఠాత్తుగా మానకూడదు. ఇంట్లోనో బడిలోనో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిసిన రోజే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా, తమ వైద్యులకు చెప్పాలి.

నడక తూలడం, ఆగని వాంతులు, మగతగా పడి ఉండడం, ఫిట్స్, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అత్యవసరమే. తూలుడు అన్నది చిన్నమెదడు వాపు వల్ల సుమారు 4,000 కేసుల్లో ఒకరికి వస్తుంది, చాలావరకు కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గుతుంది. అయినా అది చిన్నమెదడు వాపేనా, ఎన్‌సెఫలైటిస్ అనే తీవ్రమైన మెదడు వాపా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు.

మీ అత్తగారి నమ్మకాన్ని నేను తప్పు పట్టను. వేపాకు పక్కన పెట్టుకోవచ్చు, గుమ్మానికి కట్టుకోవచ్చు. కానీ పసుపూ వేపాకూ నూరి పచ్చి పుండ్లకు పూయవద్దు, నీళ్లు పోసే రోజు కోసం వైద్యాన్ని ఆపవద్దు. గోరువెచ్చని నీళ్లతో రోజూ ఒళ్లు కడిగి, మెత్తని బట్టతో అద్ది, గోళ్లు కత్తిరిస్తేనే చీము పట్టడం తగ్గుతుంది. మచ్చలకు కూడా ఇప్పుడు చేయగలిగింది అదే. పెచ్చులు వాటంతటవే రాలేవరకు ఏ క్రీమూ వద్దు. ఇక బడి అంటారా, కొత్త పొక్కులు ఆగి, ఉన్నవన్నీ పెచ్చు కట్టాక, బాబు కోలుకున్నాక పంపవచ్చు.

మీరు చివర్లో ఒక్క మాటగా రాసిన మీ ఆడపడుచు విషయం కూడా ఈరోజే తేలాలి. ప్రసవానికి అయిదు రోజుల ముందు నుంచి ప్రసవమైన రెండు రోజుల లోపు తల్లికి ఆటలమ్మ పోస్తే, తల్లి నుంచి రక్షణ అందక పసిబిడ్డకు అది చాలా తీవ్రంగా రావచ్చు. పొక్కులు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే ఈ జబ్బు అంటుకుంటుంది కనుక, ఆమె ఇప్పటికే తొమ్మిది రోజులుగా దీని మధ్య ఉన్నట్లు లెక్క. రక్షణ కోసం ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్‌ను, జబ్బు ఉన్నవారి మధ్యకు వచ్చిన పది రోజుల లోపే ఇవ్వాలి. అది కావాలా, వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ మందు కావాలా, అసలేమీ అక్కర్లేదా అన్నది ఆమెను చూస్తున్న గైనకాలజిస్టు నిర్ణయిస్తారు. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా, టీకా వేయించారా అన్నది మీ అత్తగారికి గుర్తుండవచ్చు. అడిగి, అత్తగారికి తెలియకపోతే తెలియదనే చెబుతూ, ఆ డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేయండి. ముందుగా చెప్పకుండా ప్రసూతి వార్డుకు మాత్రం వెళ్లవద్దు, అక్కడ మరికొందరు గర్భిణులు ఉంటారు.