బండ్లు తిరగని కంకర బాటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అడవి కొండల్లో, లోయల్లో కంకర దారుల మీద సైకిలు తొక్కేవారి నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: నా గ్రావెల్ సైకిలుకు (కంకర దారుల కోసం చేసినది) 40 మి.మీ. వెడల్పు టైర్లు. 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) గాలి కొట్టి తొక్కుతున్నాను. గంట గడిచేసరికి అరచేతులు మొద్దుబారుతున్నాయి, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం జారుతోంది. కుదుపును మింగే సస్పెన్షన్ ఫోర్కు ముందు చక్రానికి పెట్టించమంటారా? నా బరువు 70 కిలోలు.

జవాబు: ఫోర్కు మాట తర్వాత, ముందు గాలి తీయండి. ఈ టైరుకు, మీ బరువుకు 60 పీఎస్ఐ చాలా ఎక్కువ. అంత గట్టిగా ఉన్న టైరు రాయి మీద అణగదు, సైకిలునే పైకి ఎగరేస్తుంది. ఆ కుదుపంతా చేతులకు వస్తుంది. నేలను అంటుకునే రబ్బరు కూడా తగ్గిపోతుంది కాబట్టి చక్రం జారుతుంది. మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే.

ట్యూబ్‌లెస్ అయితే ముందు 30, వెనక 33 పీఎస్ఐతో మొదలుపెట్టండి. లోపల ట్యూబు ఉంటే ముందు 36, వెనక 39. టైరు పక్కన ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు మాత్రం దాటకండి. బాగా తెలిసిన ఒక బాట ముక్క ఎంచుకుని, ప్రతిసారీ 2 పీఎస్ఐ తగ్గిస్తూ దాని మీదే తొక్కి చూడండి. రాయి తగిలి రిమ్ము టంగుమన్నా, మలుపులో టైరు పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించినా మరీ తగ్గించారన్నమాట. అప్పుడు 3 పెంచి అక్కడ ఆగండి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు కనబడితే అది ముల్లు పని కాదు, గాలి చాలక రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగింది. సంచులు కట్టుకున్న రోజున వెనక 3, 4 పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. గేజీలన్నీ ఒకే అంకె చూపవు కాబట్టి ఎప్పుడూ ఒకే గేజీ వాడండి.

ప్రశ్న: పటంలో అడవి దారులన్నీ సన్నటి గీతలే. సైకిలు వెళ్లే దారేదో, మధ్యలో ఆగిపోయేదేదో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. ఈ పనికి ఎంత ఓపిక పెడితే దారిలో అంత సుఖం.

మొదట సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు చూడండి. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, మీ బాట ఆ సెంటీమీటరులో ఒక రేఖ దాటితే వాలు 4 శాతం, రెండు దాటితే 8. ఐదు దాటిందంటే 20 శాతం, కంకర మీద దిగి తోయాల్సిందే. మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లని చూసి తృప్తిపడవద్దు. 300 మీటర్ల ఎత్తు 5 కిలోమీటర్లలో ఎక్కితే 6 శాతం, హాయిగా సాగుతుంది. అదే ఎత్తు 2 కిలోమీటర్లలో పెడితే 15 శాతం.

తర్వాత నేల సంగతి. అందరూ కలిసి తయారుచేసే ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిదారులకు గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 5 వరకు తరగతులుంటాయి. 1 చాలా గట్టి దారి, 5 మెత్తటి నేల. మనకు 2, 3 మేలు. 4 ఎండలో సరే, వాన పడితే వదిలేయండి. ఈ తరగతులు రాసేది స్వచ్ఛందంగా పనిచేసేవారు, అన్ని దారులకూ రాసి ఉండరు. అందుకని ఉపగ్రహ చిత్రంతో సరిచూడండి. రెండు తెల్లటి చారలు, మధ్యలో పచ్చగడ్డి కనబడితే ఎప్పుడో ఒక బండి తిరిగే దారి, మనకు కావలసింది అదే. వెడల్పంతా తెల్లగా అరిగి ఉంటే లారీలు నడుస్తున్నాయి. చెట్లు కప్పేసిన చోట మలుపుల దగ్గర వెతకండి, అక్కడ ఆకాశం కాస్త తెరుచుకుంటుంది.

కొండ వాలులో వంకర్లు తిరిగి హఠాత్తుగా ఆగిపోయే గీతలు చాలావరకు కలప దించడానికి వేసినవి, అవతలికి దారి ఉండదు. లోయ అడుగున సాగే బాట వాలు తక్కువే కానీ వాగులు దాటాలి, వాన తర్వాత చాలా రోజులు తడిగా ఉంటుంది. శిఖరం వెంట సాగేది త్వరగా ఆరుతుంది, నీళ్లు మాత్రం దొరకవు. పట్టాలు తీసేసిన పాత రైలు మార్గం దొరికితే అదృష్టమే. రైళ్లు నిటారుగా ఎక్కలేవు గనక అక్కడ వాలు సాధారణంగా 2, 3 శాతం దాటదు.

చెట్లు కొట్టే కాలంలో, కార్చిచ్చు భయం ఉన్న రోజుల్లో గేట్లు మూసేస్తారు. ఆ సంగతి పటం చెప్పదు, అటవీ కార్యాలయాన్ని అడగాలి. ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు: ప్రతి 10, 15 కిలోమీటర్లకు తారు రోడ్డు మీదికి దిగే అడ్డదారి ఒకటి ముందే గుర్తుపెట్టుకోండి. బండ్లు రాని దారిలో బండి గుద్దే భయం ఉండదు, సాయానికి ఆపుదామన్నా బండి ఉండదు.

ప్రశ్న: ముందు పెడళ్ల దగ్గర 40 పళ్ల చైన్‌రింగ్, వెనక చక్రానికి 11-34 క్యాసెట్ (11 నుంచి 34 పళ్ల వరకు ఉన్న గేరు చక్రాల గుత్తి). 10 శాతం ఎక్కుళ్లలో మోకాళ్లు నొప్పెడుతున్నాయి. సాధన చాలదా, గేరు చాలదా?

జవాబు: గేరు చాలదు. 40ని 34తో భాగిస్తే సుమారు 1.18. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే పెడలు ఒక చుట్టుకు 2.6 మీటర్లు పోతారు. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే గంటకు 9.3 కిలోమీటర్ల వేగం ఉండాలి. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలైతే 10 శాతం కంకర ఎక్కుడులో దానికి 240 వాట్ల దాకా కావాలి. గంటసేపు అంత శక్తి పెట్టగలిగేవారు తక్కువ. అందుకే చుట్లు తగ్గిపోయి, ప్రతి తొక్కుడు బరువూ మోకాలి మీద పడుతోంది. ముందు 36, వెనక 42 పళ్లుంటే అవే 60 చుట్లకు 175 వాట్ల లోపే సరిపోతాయి.

మార్చే ముందు మీ వెనక డీరైలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) ఎన్ని పళ్ల వరకు ఒప్పుకుంటుందో చూడండి, 34 దాటనివి చాలా ఉన్నాయి. పెద్ద క్యాసెట్ వేస్తే చైను పొడవు కూడా సరిచూడాలి. పాత చైను పొట్టిదైతే, ముందూ వెనకా పెద్ద పళ్లకు మార్చిన క్షణాన బిగుసుకుని డీరైలర్‌నే విరిచేస్తుంది. ఎక్కేటప్పుడు నిలబడకండి. బరువు వెనక చక్రం మీంచి తొలగగానే అది కంకరను చిమ్ముతూ ఉన్నచోటే తిరుగుతుంది.

ప్రశ్న: దిగుడు మలుపుల్లో ముందు చక్రం జారుతోంది. ముందు బ్రేకు వాడకూడదా?

జవాబు: వాడాలి, మలుపు మొదలవక ముందు. చక్రం నిటారుగా, నేరుగా ఉన్నప్పుడు రెండు బ్రేకులతో వేగం తగ్గించి, వంగే సమయానికి వేళ్లు సడలించండి. వంగి ఉన్న టైరుకు పట్టు అంతా మలుపు తిరగడానికే ఖర్చవుతుంది, బ్రేకుకు మిగలదు. బయటి పెడలు కిందికి దించి దాని మీద బరువు వేయండి. బండి చక్రాలు నడిచిన చారలో కంకర అణిగి ఉంటుంది, నడిమి దిబ్బ మీదా బయటి అంచునా వదులుగా పేరుకుంటుంది. చారలోనే ఉండండి, దాటాల్సి వస్తే నేరుగా ఉన్న చోట దాటండి. మలుపు అవతల కనబడకపోతే దారిలో మీరు వెళ్లాల్సిన వైపునే ఉండి బెల్లు కొట్టండి. ఖాళీ దారి అనుకున్న చోటే అటవీ జీపో, జంతువో ఎదురవుతుంది.

తడి ఇసుక బ్రేకు ప్యాడ్లను తొందరగా తినేస్తుంది, మెత్తటి రెసిన్ రకం ప్యాడ్లను మరీను. ప్యాడు మీది పదార్థం ఒక మిల్లీమీటరుకు దగ్గరైందంటే పెద్ద దిగుడుకు వెళ్లకముందే మార్చేయండి.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైరు కోసుకుపోయింది. చిల్లులు మూయడానికి లోపల పోసే ద్రవం, సీలెంట్, అంతా బయటికి చిమ్మింది, చిల్లు మాత్రం మూసుకోలేదు. ఎందుకు?

జవాబు: సీలెంట్ ముల్లు చిల్లులకు మందు, కోతకు కాదు. కొన్ని మిల్లీమీటర్ల కోత పడితే వెంటనే రబ్బరు ప్లగ్గు గుచ్చాలి. చిమ్మేదాకా చూస్తూ ఉంటే లోపల మిగిలేదేమీ ఉండదు. ప్లగ్గు గుచ్చి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఉంచండి, గాలి కొట్టండి. 40 మి.మీ. టైరుకు 60 నుంచి 80 మి.లీ. సీలెంట్ ఉండాలి. అది లోపలే ఎండిపోతుంది కాబట్టి మూడు నెలలకోసారి చూసుకోండి. ప్లగ్గు నిలవకపోతే వాల్వు తీసి ట్యూబు వేయండి. దానికి ముందు టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడమాలి. ఇన్నాళ్లూ సీలెంట్ మూసేసిన ముళ్లన్నీ అక్కడే ఉంటాయి.

ట్యూబు, ప్లగ్గులు, పంపుతో పాటు తెగిన చైనును కలిపే, మీ చైనుకు సరిపడే క్విక్ లింకు, డీరైలర్‌ను ఫ్రేముకు తగిలించే, మీ ఫ్రేముకు సరిపడే హ్యాంగరు కూడా సంచిలో ఉండాలి. హ్యాంగరు ఫ్రేము ఫ్రేముకూ వేరు, ఎవరిదీ ఎవరికీ పట్టదు.

ప్రశ్న: లోయల్లోకి వెళ్లగానే ఫోను బ్యాటరీ కరిగిపోతోంది. దారి చూసుకునేదెలా?

జవాబు: సిగ్నల్ లేని చోట ఫోను దాన్ని వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీ తినేది అదే. పటాన్ని ముందే ఫోన్లోకి దించుకుని ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. దారి చూపే జీపీఎస్‌కు నెట్‌వర్కు అక్కర్లేదు, చాలా ఫోన్లలో ఆ మోడ్‌లోనూ పనిచేస్తుంది. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి పరీక్షించుకోండి.