దేవుడు క్షమించాడు సరే, ఏటీఎం కార్డు ఇవ్వాలా?

ప్రశ్న: మావారు ఆన్‌లైన్ రమ్మీలో నాలుగు లక్షలు పోగొట్టారు. నాకు చెప్పకుండా నా గొలుసు, గాజులు తాకట్టు పెట్టారు. ఆర్నెల్ల క్రితం బాప్తిస్మం తీసుకుని ఆట మానేశారు. ఇప్పుడు నా జీతం పడే కార్డు ఇమ్మంటున్నారు. కాదంటే ‘దేవుడే కృప చూపించాడు, లెక్కలడగడానికి నువ్వెవరు?’ అంటున్నారు. నాది తప్పా?

జవాబు: కాదమ్మా. కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

మీవారి మాటలో నిజం లేకపోలేదు. ‘మీరు కృపచేతనే రక్షింపబడియున్నారు’ అని బైబిల్లో అపొస్తలుడు పౌలు ఎఫెసు ఊరి విశ్వాసులకు రాశాడు. అది మన గొప్పతనం వల్ల వచ్చింది కాదు, దేవుని వరమే అన్నాడు. అయితే ఉచితంగా అందుకున్నదాన్ని చూపించి ఇంకొకరి దగ్గర బాకీ వసూలు చేసినట్టు అడిగితే ఎలా?

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్యను చూడండి. పన్నుల వసూళ్లలో బాగా వెనకేసుకున్న మనిషి. ‘ముందు జనం డబ్బు తిరిగిచ్చెయ్, తర్వాత చూద్దాం’ అనలేదు యేసు. అతను చెట్టు మీద ఉండగానే, ఇవాళ మీ ఇంట్లోనే ఉంటానన్నాడు. కృప అంటే అదీ. ఆ తర్వాత జక్కయ్యే, ఎవరూ అడక్కుండా, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. తన సంచి విప్పాడే గానీ నష్టపోయినవాళ్ల సంచి అడగలేదు. మీవారు నాలుగంతలు ఇవ్వక్కర్లేదు లెండి, గొలుసు విడిపించి తెస్తే చాలు!

తాకట్టు రసీదు అడగండి. వడ్డీ ఎంతయిందో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. తన జీతంలోంచి నెలకెంత కడతారో ఆయన నోటితోనే చెప్పించండి. ఫోన్‌లో అప్పుల యాప్‌లు మిగిలి ఉంటే మీ ఎదుటే తీసేయమనండి. మళ్లీ ఆట మీదికి మనసు లాగుతోందంటే 14416కు ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రార్థనతోపాటు డాక్టరు సాయమూ తీసుకుంటే విశ్వాసం తగ్గినట్టేం కాదు.

ఇక మీ వైపు ఒకటుంది. కూరలో ఉప్పు దగ్గర మాటామాటా పెరిగినా రమ్మీ ఊసెత్తడం, అదీ పిల్లల ముందు, మానేయండి. క్షమించడమంటే ప్రస్తుతానికి అంతే. కోపం ఇంకా ఉంటే ఉండనివ్వండి, నమ్మకానికి టైమ్ పడుతుంది. రసీదు సంగతి ఒక్కరే ఎత్తలేకపోతే, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారిని ఇంటికి పిలిచి పక్కన కూర్చోమనండి.