ఫైనల్ రిజెక్షన్ తర్వాత టెస్ట్ డేటా అప్పీల్‌లో పెట్టొచ్చా? – సమాధానం

మీ ద్రవ టోనర్ ప్రింటింగ్ ప్రక్రియ రెండు పాత పేటెంట్లు కలిపితే వచ్చేదేనని అమెరికా పేటెంట్ ఆఫీసు సెక్షన్ 103 (పాతవాటి నుంచి సులువుగా ఊహించగలిగేదానికి పేటెంట్ లేదనే నిబంధన) కింద ఫైనల్‌గా తిరస్కరించింది. కొత్త టెస్ట్ ఫలితాలు అప్పీల్ బ్రీఫ్‌కు (అప్పీల్‌లో మీ వాదన రాసిచ్చే పత్రం) జతచేయొచ్చా అని అడిగారు. దాదాపు కుదరదు. అప్పీల్ మొదలుపెట్టే నోటీస్ ఆఫ్ అప్పీల్‌కు ముందే రూల్ 1.132 డిక్లరేషన్‌గా (సాక్ష్యంగా ఇచ్చే సంతకం చేసిన ప్రకటన) వేయాలి, అదీ ఆలస్యానికి సరైన కారణం చూపితేనే తీసుకుంటారు. ఆర్‌సీఈ (పరిశీలన కొనసాగించమని కోరే దరఖాస్తు) ఫీజు కట్టి అప్పుడు వేయడమే నయం.

అసలు చిక్కు డేటాలోనే ఉంది. మీ క్లెయిమ్‌లో (పేటెంట్‌లో మీరు హక్కు కోరే అంశం) టోనర్‌ను కాగితం మీదికి చేర్చే బదిలీ వోల్టేజ్ 600 నుంచి 1000 వోల్టులు. టెస్ట్ మాత్రం 800 దగ్గర ఒక్కటే. ఎగ్జామినర్ పట్టుకునేది దాన్నే. 600, 1000 దగ్గరా, వాటికి కాస్త అవతల 550, 1050 దగ్గరా ప్రింట్లు తీయండి. పోలిక అత్యంత దగ్గరి పాత పేటెంట్‌తోనే ఉండాలి. టోనర్, కాగితం మార్చకండి. చెమ్మ పీల్చిన కాగితం విద్యుత్ నిరోధం పడిపోయి బదిలీ చెడుతుంది, ఆ నింద వోల్టేజ్ మీదికి పోతుంది. అందుకే కాగితాన్ని 23 డిగ్రీలు, 50 శాతం తేమలో ఒక రోజు ఉంచి, డెన్సిటోమీటర్ (ముద్ర ఎంత గాఢంగా ఉందో కొలిచే పరికరం) రీడింగులన్నీ, బాగా రానివి సహా, ఇవ్వండి.

తర్వాత అప్పీల్‌కే వెళ్తే, నోటీస్ వేసిన 2 నెలల్లో బ్రీఫ్. వోల్టేజ్ క్లెయిమ్‌కు అందులో విడి శీర్షిక పెట్టి వాదించండి, లేదంటే మొదటి క్లెయిమ్‌తో పాటే మునుగుతుంది.