నాకు ఈటీఏ చాలట, మరి మా అత్తగారికి?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఎడిసన్‌లో ఉంటాం. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తూ దారిలో లండన్‌లో మా అక్కావాళ్లింట్లో మూడు రోజులు ఆగుదామని టికెట్లు బుక్ చేశాం. నాకూ మా బాబుకూ అమెరికా పాస్‌పోర్టులు. మావారికి గ్రీన్ కార్డు. విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు కూడా మాతోనే తిరుగు ప్రయాణం. ఇప్పుడు బ్రిటన్‌కి ఈటీఏ అని కొత్తగా ఏదో కావాలంటున్నారు. నలుగురికీ కలిపి ఒకేసారి అప్లై చేసేయొచ్చా?

జవాబు: చేయలేరమ్మా. అసలు మీ నలుగురిలో ఇద్దరికి ఈటీఏ వర్తించదు. నాలుగు పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టి అమెరికావి ఓ పక్కకి, ఇండియావి ఓ పక్కకి తీయండి (రెండు దేశాలవీ నీలమే కాబట్టి రంగు చూసి కాదు, పైన దేశం పేరు చూసి). బ్రిటన్ వెళ్లడానికి వీసా అక్కర్లేని దేశాల వాళ్లు ముందుగా తీసుకోవాల్సిన అనుమతే ఈటీఏ. అమెరికన్లకి 2025 జనవరి 8 నుంచి, యూరప్ వాళ్లకి అదే ఏడాది ఏప్రిల్ 2 నుంచి తప్పనిసరి చేశారు. ఇండియా పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా ఇంతకుముందూ కావాలి, ఇప్పుడూ అంతే. అంటే మీవారికీ అత్తగారికీ విజిటర్ వీసా కావాలి.

గ్రీన్ కార్డు ఉంది కదా, మొన్న నయాగరాకి అటువైపు కూడా వెళ్లొచ్చాం కదా అని చాలామంది ఇక్కడే బోల్తా పడుతుంటారు. కెనడా సంగతి వేరు, 2022 ఏప్రిల్ నుంచి అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని ఆ దేశం వీసా గానీ తన సొంత ఈటీఏ గానీ అడగడం లేదు. బ్రిటన్ మాత్రం ఊరు చూడటానికి వచ్చే మనిషి దగ్గర గ్రీన్ కార్డు చూసి వీసా మాఫీ చేయదు. వీసాకి వేలిముద్రలివ్వాలి, మామూలుగా మూడు వారాలు పడుతుంది, సెలవుల ముందు రద్దీ ఉంటుంది కాబట్టి నన్నడిగితే ఆ ఇద్దరి పని ఈ వారమే మొదలుపెట్టండి. మీదీ బాబుదీ తర్వాత చూసుకోవచ్చు.

మీ ఇద్దరికీ విడివిడిగా అప్లై చేయాలి, చంటిపిల్లలకైనా సరే ఎవరి ఈటీఏ వాళ్లదే, ఫీజూ ఎవరిది వాళ్లదే. ఫోన్లో యూకే ఈటీఏ యాప్ వేసుకుని పాస్‌పోర్టు ఫోటో తీస్తే, తర్వాత ఫోన్‌ని పాస్‌పోర్టు మీద ఆనించమంటుంది, లోపలి చిప్ చదవడానికి. మందపాటి ఫోన్ కవర్ ఉంటే తీసేయండి, సగం మందికి అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టు నంబర్ చేత్తో కొట్టాల్సి వస్తే సున్నానీ ఇంగ్లీషు ‘O’ అక్షరాన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఎందుకంటే తప్పు నంబర్ మీద వచ్చిన అనుమతి మీ పాస్‌పోర్టుకి పనికిరాదు, మళ్లీ కట్టి మళ్లీ చేయాలి. చాలామందికి తొందరగానే వచ్చేస్తుంది గానీ మూడు పనిదినాలు చేతిలో ఉంచుకోండి. ఇది రెండేళ్లు చెల్లుతుంది, ఈలోగా పాస్‌పోర్టు మారితే దాంతోపాటే పోతుంది. మీ బాబుది పిల్లల పాస్‌పోర్టు, ఐదేళ్లకే అయిపోతుంది కదా, గడువు దగ్గరపడిందేమో చూసి, అలా అయితే ముందు అది రెన్యువల్ చేయించండి.

ఇంకోమాట, మీరు అడగలేదు గానీ బాబుకి ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) ఉందా? లేకపోతే ఇండియాకి ఈ-వీసా కావాలి. లండన్ గొడవలో పడి హైదరాబాద్ సంగతి మర్చిపోయేరు.

ప్రశ్న: గూగుల్‌లో మొదట కనిపించిన సైట్‌లో ఈటీఏ అప్లై చేశాను. మా ఫ్రెండ్ కట్టినదానికి నాలుగింతలు పట్టారు. మోసపోయానా?

జవాబు: అది బహుశా మధ్యవర్తి సైట్. మీ వివరాలు తీసుకుని అసలు సైట్‌లో వాళ్లు నింపుతారు, ఆ శ్రమకి మిగతా డబ్బు. ముందు ఈటీఏ నిజంగా వచ్చిందో లేదో ఈమెయిల్‌లో చూసుకోండి, స్పామ్ ఫోల్డర్‌తో సహా. రాలేదంటే కార్డు కంపెనీకి ఫోన్ చేయండి. బ్రిటన్ ప్రభుత్వ సైట్ పేరు జీఓవీ డాట్ యూకేతో ముగుస్తుంది, ఆ చివర లేని ఏ సైట్‌లోనూ కార్డు నంబర్ కొట్టకండి. మొదట 10 పౌండ్లుండే ఫీజు 2025 ఏప్రిల్ 9న 16 అయింది, మళ్లీ పెంచుతామని కూడా అన్నారు కాబట్టి కట్టే రోజు ఎంతుందో ఆ సైట్‌లోనే చూడండి.

ప్రశ్న: నేను అమెరికా సిటిజన్‌ని. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో విమానం మారడమే, బయటికి కూడా రాను. నాకెందుకండీ ఈటీఏ?

జవాబు: ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే మారితే హీత్రూలో అక్కర్లేదు. కానీ రెండు టికెట్లు విడివిడిగా కొన్నారా? అలాంటప్పుడు తరచూ పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తుంది, దానికి ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ఈటీఏ ఉండాలి. హీత్రూలో దిగి లండన్‌కే చెందిన ఇంకో ఎయిర్‌పోర్టు గాట్విక్‌లో ఎక్కేవాళ్లదీ ఇదే కథ. 2026 ఫిబ్రవరి 25 నుంచి ఈటీఏ అవసరమైనవాళ్లు అది లేకుండా వస్తే విమానం వాళ్లే ఎక్కనివ్వరు, ఎక్కడో లండన్‌లో బతిమాలుకోవచ్చులే అనుకోవడానికి లేదు. పెట్టెలు నేరుగా మీరు దిగే చివరి ఊరి దాకా వెళ్తాయో లేదో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, వెళ్తాయంటే ఆ ఫీజు మిగిలినట్టే.